పాత పండగ కార్డులను భోగి మంటల్లో వేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

సంక్రాంతి దగ్గరపడింది. ఇళ్ళు దులుపుతున్నారు, సున్నాలు వేస్తున్నారు, అటక మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగుతున్నాయి. విరిగిన కుర్చీలు, చిరిగిన చాపలతో పాటు పాత ఉత్తరాల మూటలు కూడా భోగి మంటలోకి పోయే రోజులివి. మంటలో పడనివి పాత పేపర్లు కొనేవాడి తక్కెడలో కిలోల లెక్కన పోతాయి. మీ పాఠకులకు ఒక్క మనవి చేసుకోవడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ మూటల్లో దీపావళికో, ఉగాదికో, సంక్రాంతికో, కొత్త సంవత్సరానికో వచ్చిన కార్డులుంటే వాటిని తిప్పి, వెనక ఏం రాసి ఉందో చదవండి. చదవకుండా మాత్రం పారేయకండి.

నేను చీరాలలో ఉంటాను. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పండగలకు మనవాళ్ళు ఒకరికొకరు రాసుకున్న కార్డులు పోగుచేస్తాను. స్టాంపుల కోసం కాదు, బొమ్మల కోసం అంతకంటే కాదు. వాటి మీద చేత్తో రాసిన నాలుగు ముక్కల కోసం. మా అత్తగారి పెట్టెలో దొరికిన కట్టతో ఇది మొదలైంది. తర్వాత విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో, మా ఊళ్ళో పాత కాగితాల కొట్లలో వెతకడం అలవాటైంది. ఎవరో చదువుతూ పేజీ గుర్తుకు పెట్టి వదిలేసిన కార్డులు ఆ పుస్తకాల్లో చాలా దొరుకుతాయి.

అత్తగారి కట్టలో నాకు బాగా ఇష్టమైనది 1962 నాటి మామూలు పోస్టు కార్డు. బొమ్మ లేదు, రంగు లేదు. నాలుగు మూలలా పసుపు రాసిన మరకలున్నాయి. పెళ్ళయిన ఏడాది దీపావళికి ఆమె నాన్నగారు రాశారు. "చి.ల.సౌ. అమ్మాయికి ఆశీర్వదించి వ్రాయునది. ఇచ్చట మేమంతా క్షేమము. అల్లుడుగారిని తీసుకుని పండగకు రెండు రోజులు ముందుగా రాగలవు. మతాబులు నీ తమ్ముడే చుట్టుచున్నాడు, ఎవ్వరినీ తాకనివ్వడు. ఎర్రావు ఈనినది, పెయ్యదూడ. నీకు చీర తీసి ఉంచితిమి. రంగు వచ్చిన తర్వాత చూచుకొందువు గాని." అక్కడికి కార్డు నిండిపోయింది. అయినా చెప్పాల్సింది మిగిలిపోయినట్టుంది. కార్డును అడ్డంగా తిప్పి, అంచు వెంట చీమల బారులాంటి అక్షరాలతో "వచ్చునప్పుడు రైలులో కిటికీ పక్కన కూర్చొనవద్దు, బొగ్గు నలక కంట్లో పడును" అని రాశారు. ఆ చీర ఏ రంగని అత్తయ్యగారిని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వంగపండు రంగు, ఎర్ర అంచు అన్నారు.

ఆ కార్డుకు సరిగ్గా నడిమధ్యన ఒక చిల్లు ఉంది. పాత ఉత్తరాలు చూసినవాళ్ళకు ఈ చిల్లు సంగతి తెలుసు. ప్రతి ఇంట్లో వసారాలో ఒక ఇనుప తీగ వేలాడేది. చదివిన ఉత్తరాన్ని దానికి గుచ్చేవాళ్ళు. కార్డులు అమ్మేవాళ్ళు ఈ చిల్లు చూపించి "డ్యామేజీ సరుకు" అని ధర తగ్గిస్తారు. నాకు మాత్రం చిల్లున్న కార్డు కనిపిస్తే సంతోషం. ఎవరో ఒకరు దాన్ని చదివారని, పారేయకుండా ఇంట్లో ఉంచుకున్నారని ఆ చిల్లే సాక్ష్యం.

ఆ తీగకు ఎక్కనివి చావు కబుర్ల కార్డులు. చదవడం, అక్కడే చించేయడం, తలస్నానం చేయడం. ఇంట్లోకి తెచ్చేవాళ్ళు కాదు. అందుకే మన ఇళ్ళల్లో మిగిలిన కట్టల్లో ఎక్కువగా కనిపించేవి శుభవార్తలు: పురుళ్ళు, పరీక్ష ఫలితాలు, పెళ్ళిచూపులు, పండగ పిలుపులు. మా అత్తగారి కట్టలో ఆమె చిన్నాన్నగారి కార్డులు వరసగా ఉగాది ఉగాదికీ వచ్చి, ఒక ఉగాది నుంచి ఆగిపోయాయి. కారణం రాసిన కార్డు ఎప్పుడో ముక్కలైపోయి ఉంటుంది. ఆ ఖాళీని చూసి అర్థం చేసుకోవాల్సిందే.

మన దేశంలో పోస్టు కార్డు 1879 జూలై 1న మొదలైంది. వెల కాలణా. ఇవాళ కూడా అర్ధ రూపాయే. ఇంత చవకగా దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి మాట చేరవేసే ఏర్పాటు ఇంకొకటి లేకపోబట్టే, కార్డు ముక్క రాయని ఇల్లు లేకుండా పోయింది. చదువు రానివాళ్ళు కూడా రాయించుకునేవాళ్ళు. వచ్చిన కార్డును పోస్ట్‌మ్యానో, బడికెళ్ళే పిల్లాడో చదివి వినిపించేవాడు. నలుగురి ముందు చదువుతారని తెలుసు కాబట్టి రాసేవాళ్ళు కూడా అందుకు తగ్గట్టే రాసేవాళ్ళు. అసలు మాట ఎక్కడో ఒక చిన్న వాక్యంలో దాగి ఉంటుంది. దాన్ని పట్టుకోవడంలోనే ఉంది ఆనందమంతా.

ఒక సైనికుడు రాసిన కొత్త సంవత్సరం కార్డు నా దగ్గరుంది. కేరాఫ్ 56 ఏ.పి.ఓ. (ఆర్మీ పోస్టాఫీసు) అని మాత్రమే ఉంటుంది, ఎక్కడ ఉన్నదీ రాయరు. మన జవాన్ల ఉత్తరాలు చాలావాటికి అదే అడ్రసు. ముందువైపు గులాబీల గుత్తి, బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు. లోపల ఆ కుర్రాడు చెల్లెలికి రాసింది ఇది: "అమ్మకు ఇక్కడిదాకా చదివి వినిపించు. నేను బాగా తింటున్నాను, లావయ్యాను. కింది నాలుగు లైన్లు నువ్వొక్కదానివే చదువుకో." ఆ నాలుగు లైన్లలో చలి గురించి, కాలివేళ్ళు వాచిపోవడం గురించి, సంక్రాంతికి సెలవు దొరకదన్న సంగతి గురించి ఉంది. చెల్లెలు ఆ కార్డును తల్లికి చూపించకుండా ఎక్కడ దాచిందో, అదెలా మారి మారి ఆబిడ్స్ ఫుట్‌పాత్ చేరిందో. కొన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్కడే దొరికిన ఇంకో కార్డు భివండీ నుంచి కరీంనగర్ జిల్లాకు వచ్చింది. తెలంగాణ పద్మశాలీలు బతుకుతెరువుకు భివండీ, సోలాపూర్, సూరత్ వెళ్ళి స్థిరపడిన సంగతి అందరికీ తెలుసు. దసరా ముందు ఒక అన్న తన తమ్ముడికి రాస్తున్నాడు. "బతుకమ్మకు చెల్లెను పోయి తోలుకరా. నేను వస్తనని చెప్పినగని ఈసారి ఎల్తలేదు. సాంచలు బందు పెడ్తలేరు. యాభై రూపాయలు మనియార్డర్ చేసిన. చీర మంచిగ చూసి కొను, అగ్గువది కొనకు. నేను రాలేదని చెల్లె ఏడిస్తే దీపావళికి వస్తనని చెప్పు." సాంచలంటే మరమగ్గాలు, అగ్గువ అంటే చవక. మగ్గాల మీద బతికే చీరాలలో ఉండి ఈ కార్డు చదువుతుంటే, ఆ అన్న రోజంతా నేసే గుడ్డ ఎవరిదో, చెల్లెలికి కొనమన్న చీర ఎవరు నేసిందో అనిపిస్తుంది. వలస కూలీల మీద ఎన్నో రిపోర్టులు వస్తుంటాయి, నేనూ చదివాను. "అగ్గువది కొనకు" అన్న మాట వాటిలో దొరకదు.

మా మేనకోడలు అమెరికాలో ఒహాయోలో ఉంటుంది. నా పిచ్చి తెలిసి, అక్కడి పాత సామాన్ల దుకాణాల్లో దొరికే క్రిస్మస్ కార్డులు నాకు పంపిస్తుంది. ఒకదాని మీద 1910 డిసెంబరు పోస్టు ముద్ర, ఒక సెంటు ఆకుపచ్చ స్టాంపు ఉన్నాయి. గంటలు, ఆకులు ఉబ్బెత్తుగా తేలేలా జర్మనీలో అచ్చు వేసిన కార్డు. ఆ కాలంలో వాళ్ళకు మంచి కార్డులు చాలావరకు జర్మనీ నుంచే వచ్చేవి, మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతింది. అమెరికాలో 1907 దాకా కార్డు మీద అడ్రసు ఉన్న వైపు ఇంకేమీ రాయనిచ్చేవాళ్ళు కాదు. చెప్పాల్సిందేదో బొమ్మ పక్కనున్న కొద్ది జాగాలో ఇరికించాలి. ఆ ఏడాది మార్చి నుంచి అడ్రసు వైపును రెండు భాగాలు చేసి ఎడమ పక్కన కబురు రాసుకోనిచ్చారు. ఇంగ్లండులో ఈ మార్పు 1902లోనే వచ్చింది. ఆ తర్వాత అక్కడి జనం కార్డుల మీద పడ్డారు. బొమ్మలు అంతకుముందూ ఉన్నాయి కదా. మాట రాసుకునే చోటు దొరికాకే అంత మోజు వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఒహాయో కార్డు వెనక ఒక తల్లి పుట్టింటికి రాసుకుంది: పాపకు రెండు పళ్ళు వచ్చాయి, మంచుకు రైళ్ళు ఆగిపోయాయి, పండగకు రాలేం, నా వంతు పిండివంట అన్నయ్యకు పెట్టండి. భివండీ అన్నకూ ఈమెకూ మధ్య సముద్రాలున్నాయి. ఇద్దరూ రాసింది మాత్రం పండగకు ఇంటికి చేరలేని బాధే.

మన దగ్గర రంగుల గ్రీటింగ్ కార్డుల కాలం అసలు వచ్చింది ఎనభై, తొంభైల్లో. డిసెంబరు వచ్చిందంటే బజార్లో తాళ్ళు కట్టి కార్డులు వేలాడదీసేవాళ్ళు. శివకాశిలో అచ్చైన దేవుళ్ళు, సినిమా హీరోలు, పసిపాపలు, సూర్యాస్తమయాలు. కవరు అంటించకుండా మూత లోపలికి దోపి, పైన బుక్ పోస్ట్ అని రాస్తే తక్కువ స్టాంపుతో పోయేది. అలా పంపితే ఉత్తరం రాయకూడదు, శుభాకాంక్షలు, సంతకం వరకే. అయినా మనవాళ్ళు ఆగారా? అచ్చైన ఇంగ్లీషు పద్యం లైన్ల మధ్య పెన్సిలుతో సన్నగా "అక్క నెల తప్పింది" అని రాసిన కార్డు నా దగ్గరుంది. నా విద్యార్థులు ఇచ్చిన కార్డులూ ఉన్నాయి. పదో తరగతి పిల్లాడు ఒకడు "టీచర్ గారికి నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఛందస్సు తప్ప అన్నీ వచ్చాయి" అని రాశాడు. ఇప్పుడతను ఇంజనీరు. ఆ కార్డు చూపిస్తే ఫొటో తీసుకుని తన కూతురికి పంపించుకున్నాడు.

ఆ రోజుల్లో టెలిగ్రాంలో కూడా పండగ శుభాకాంక్షలు పంపేవాళ్ళు. దానికి నంబర్లుండేవి. దీపావళికి ఒకటి, పెళ్ళికి ఎనిమిది. నంబరు చెప్పి డబ్బు కడితే అవతలి ఊళ్ళో ఆ వాక్యం మొత్తం టైపు చేసి ఇచ్చేవాళ్ళు. 2013 జూలైలో ఆ సర్వీసు ఆగిపోయింది. పండగ టెలిగ్రాంలు నేనూ చూశాను గానీ పోగుచేయలేదు. అందరికీ ఒకటే వాక్యం. ఇవాళ ఫోన్లో వచ్చే పండగ బొమ్మలకూ వాటికీ నాకు పెద్ద తేడా కనిపించదు, అయితే ఫోన్లను తిట్టడం నా పని కాదు. చేతిరాత కార్డులు ఇంకా ఇళ్ళల్లో ఉన్నాయి, వాటి గురించే నా ఆరాటం.

వాటికి భోగి మంట ఒక్కటే గండం కాదు. స్టాంపులు పోగుచేసే కొందరు, కార్డు మీద అచ్చైన స్టాంపు బొమ్మను చతురస్రంగా కత్తిరించి ఆల్బంలో అంటించుకుంటారు. స్టాంపు వెనకవైపు ఉండేది కబురులో పై ఎడమ మూల. అంటే ఉత్తరం ఎవరికి రాశారో ఆ సంబోధన, మొదటి రెండు మూడు లైన్ల మొదళ్ళు పోతాయి. మిగిలిన ముక్కను పారేస్తారు. ఇంకొందరు బొమ్మ కార్డులను బొమ్మ పైకి కనిపించేలా జిగురుతో అట్టకు అతికిస్తారు. వెనక రాసింది శాశ్వతంగా గోడకట్టినట్టే. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు బొమ్మ వైపు మాత్రమే ఫొటో పెట్టి, వెనక సంగతి అడిగితే "కొద్దిగా రాత ఉంది, అంతే, కండిషన్ బాగుంది" అంటారు. రాత ఉండటం లోపమట. నాకు చాలా బాధ కలుగుతుంది ఆ మాట వింటే.

కార్డు ఏ కాలానిదో తేదీ లేకపోయినా చాలాసార్లు పట్టుకోవచ్చు. వెల నయా పైసల్లో అచ్చై ఉంటే 1957, 1964 మధ్యది. పిన్ కోడ్ రాసి ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. తాలూకా బదులు మండలం అని ఉంటే 1985 తర్వాతది. మా ఊరి కార్డులైతే ఇంకా తేలిక. చీరాల, గుంటూరు జిల్లా అని ఉంటే 1970కి ముందుది. ఆ ఏడాది ఒంగోలు జిల్లా ఏర్పడి, రెండేళ్ళకు ప్రకాశం జిల్లా అయింది. 2022 నుంచి మాది బాపట్ల జిల్లా. మా వీధిలో ఇల్లు మారకుండా జిల్లాలు మారినవాళ్ళ అడ్రసులు అత్తయ్యగారి కట్టలో వరసగా చూడొచ్చు.

కాలం దొరుకుతుంది గానీ మనుషులు దొరకరు. అసలు కష్టం ఇదే. మన కార్డుల్లో సంతకాలు "మీ పెదబాబు", "ఇట్లు, చిన్నక్క", "మీ బావ" అని ఉంటాయి. ఆ ఇంట్లో వాళ్ళకు తప్ప ఇంకెవరికీ అర్థం కావు. ఎనభై దాటిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ పండగకే కార్డులు తీసుకెళ్ళి పక్కన కూర్చోండి. ఈ పెదబాబు ఎవరు, ఏ ఊళ్ళో ఉండేవాడు, ఏం చేసేవాడు అని అడగండి. వాళ్ళు చెప్పింది వేరే చీటీ మీద పెన్సిలుతో రాసి కార్డుతో పాటు పెట్టండి. కార్డు మీద పెన్నుతో రాయకండి. అత్తయ్యగారికి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. నేను చదివి వినిపిస్తాను, ఆమె మనుషుల్ని చెబుతారు. ఒక్కో కార్డుకు గంట పడుతుంది. ఒక పేరు దగ్గర మొదలై ఒక పెళ్ళి, ఒక తగాదా, ఒక తుఫాను అన్నీ బయటికి వస్తాయి.

దాచుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. సూది తుప్పు కాగితాన్ని తినేస్తుంది, రబ్బరు కరిగి అంటుకుంటుంది. చిరిగినచోట సెలోటేపు వేయకండి, కొన్నేళ్ళకు గోధుమ రంగు మరక మిగులుతుంది. లామినేషన్ అసలే వద్దు. పాత సిరా నీళ్ళు తగిలితే కొట్టుకుపోతుంది కాబట్టి తడిగుడ్డతో తుడవకండి. మాలాంటి సముద్రపు ఊళ్ళలో చెమ్మ ఎక్కువ, ఇనుప పెట్టెలో నేల మీద ఉంచడం కన్నా బీరువా పై అరలో కాగితం కవర్లలో ఉంచడం మేలు. ఫోన్‌తో రెండు వైపులా ఫొటో తీసి బంధువులకు పంపండి. రెండు వైపులా అని మళ్ళీ చెబుతున్నాను.

ఇంట్లో చోటు లేదు, ఎవరికీ ఆసక్తి లేదు అనుకునేవాళ్ళ సంగతి ఏమిటి? మా పక్కనే వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉంది. అక్కడ భద్రపరిచిన పాత పత్రికలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. పత్రికలను అంత జాగ్రత్తగా దాచినవాళ్ళం, ఇంటి ఉత్తరాలకు ఒక బీరువా కేటాయించలేమా? ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక పెట్టె పెట్టి, జనం తెచ్చిచ్చే కార్డులు తీసుకుని, ఊరి పేరు, సంవత్సరం రాసి ఉంచాలని గ్రంథాలయ సంస్థలను కోరుతున్నాను. నాలాంటి రిటైరైన టీచర్లు ఊరికొకరైనా ఉంటారు. కూర్చుని చదివి, జాబితా రాసే పని మాకు అప్పగించండి. జీతం అక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇవి ఒకరు ఇంకొకరికి రాసుకున్నవి, మనకు రాసినవి కావు. అందుకే నేను ఎవరికి చూపించినా పేర్లు, అడ్రసులు మూసి చూపిస్తాను. ఫలానా కార్డు మా తాతగారిది అని ఎవరైనా వస్తే డబ్బు తీసుకోకుండా వాళ్ళది వాళ్ళకు ఇచ్చేస్తాను. ఫొటో ఉంచుకోనిస్తే చాలు. అప్పులు, కుటుంబ తగాదాలు ఉన్న కార్డులు ఎవరికీ చూపించను. గ్రంథాలయాలు కూడా ఈ పద్ధతి పాటించాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఈ సంక్రాంతి నుంచి మీ ఆదివారం పేజీలో వారానికి ఒక పాత పండగ కార్డు వేయండి. ఇంటివాళ్ళ అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి, బొమ్మ వైపు చిన్నదిగా, రాత వైపు చదవడానికి వీలుగా పెద్దదిగా అచ్చు వేయండి. పాఠకులు పంపుతారు, నాకు సందేహం లేదు. మొదటి వారానికి భివండీ కార్డు ఫొటోలు, పేరూ ఊరూ కనపడకుండా చేసి, ఈ ఉత్తరంతో జతచేశాను. ఆ కుటుంబం ఎక్కడుందో నాకు తెలియదు కాబట్టి, వాళ్ళెవరైనా చూసి అడిగితే అసలు కార్డును స్పీడ్ పోస్టులో పంపిస్తానని కింద ఒక లైను వేయండి.

ఇట్లు,
రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయిని,
చీరాల, బాపట్ల జిల్లా